తొమ్మిది పిన్నుల తికమక

పండక్కి ఇల్లు సర్దుతుంటే అటక మీది పాత వీడియో గేమ్ దిగిందా? అదే, 1990ల్లో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడిన డబ్బా. ఇప్పుడది పనిచేయదు. క్యాసెట్లు ఎటు పోయాయో తెలీదు. జాయ్‌స్టిక్కులు రెండూ మాత్రం వైరు చుట్టిపెట్టి భద్రంగా ఉంటాయి. (నిజానికి జాయ్‌స్టిక్ అంటే నిలువు కర్ర ఉండాలి. మనం ఆ చదునైన బిళ్లనీ అలాగే పిలిచాం కాబట్టి ఇక్కడా అదే పేరు.) వాటిని పాత సామాన్లవాడికి వేసేయకండి. ఇవాళ్టి కంప్యూటర్‌కి తగిలించి మళ్లీ ఆడుకోవచ్చు.

కాకపోతే ముందు ఒక హెచ్చరిక. ఆ వైరు చివర తొమ్మిది రంధ్రాల ప్లగ్ ఉంటుంది. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకి అది కొలిచినట్టు సరిపోతుంది. సరిపోయింది కదా అని నేనూ ఒకసారి దూర్చేశాను. ఆట రాలేదు సరికదా, జాయ్‌స్టిక్ కాస్తా చచ్చిపోయింది. దానిలోని చిప్‌కి కావలసింది 5 వోల్టులు. సీరియల్ పోర్టులో ప్లస్సు వైపూ, మైనస్సు వైపూ 12 వోల్టుల దాకా ఉంటుందని తర్వాత చదివి తెలుసుకున్నాను. పోయింది మా తమ్ముడి జాయ్‌స్టిక్. వాడు ఇప్పటికీ దెప్పుతూనే ఉన్నాడు.

ప్లగ్ ఒకటే అయినా లోపలి వ్యవహారం ఒకటి కాదు. 1977 నాటి అటారీ 2600 కర్రలో చిప్పే లేదు. నాలుగు దిక్కులకి నాలుగు స్విచ్చులు, కాల్చడానికి ఒకటి, అంతే. 1988లో వచ్చిన సెగా మెగాడ్రైవ్‌దీ తొమ్మిది పిన్నుల ప్లగ్గే కానీ, బటన్లు ఎక్కువ కావడంతో ఒకే తీగని రెండు బటన్లకి వంతులవారీగా వాడుకుంటుంది. మన ఇళ్లలోని డబ్బాలు ఎక్కువగా 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. వాటి పద్ధతి మరొకటి.

మాస్టారు హాజరు వేయడం గుర్తు తెచ్చుకోండి. డబ్బా ముందు ఒక తీగ మీద 'ఎక్కడివాళ్లక్కడ ఆగండి' అంటుంది. ఆ క్షణాన ఏ బటన్ నొక్కి ఉందో జాయ్‌స్టిక్ చిప్ గుర్తు పెట్టుకుంటుంది. తర్వాత రెండో తీగ మీద డబ్బా తట్టినప్పుడల్లా మూడో తీగ మీద ఒక్కో జవాబు వస్తుంది. వరస ఎప్పుడూ ఒకటే: ఏ, బీ, సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. సెకనుకి 50, 60 సార్లు ఈ హాజరు జరుగుతుంది. కరెంటుకి రెండు తీగలు కలుపుకుంటే మొత్తం ఐదు. తొమ్మిది రంధ్రాల్లో పని ఉన్నవి ఆ ఐదే.

కాబట్టి 'తొమ్మిది పిన్నుల జాయ్‌స్టిక్‌కి యూఎస్‌బీ' అని రాసి ఉన్న అడాప్టర్ కనపడగానే కొనేయకండి. అది అటారీ, సెగాల కోసం చేసిందైతే మీ డబ్బులు దండగ.

టంకం పెట్టడం వచ్చినవాళ్లకి దారి ఉంది. ఆర్డుయినో లియోనార్డో గానీ, ప్రో మైక్రో గానీ తెచ్చుకోండి. ఈ చిన్న బోర్డులు కంప్యూటర్‌కి తమని తాము కీబోర్డుగా పరిచయం చేసుకోగలవు. ఊనో బోర్డు చవగ్గా దొరుకుతుంది కానీ ఆ పని దానంతట అది చేయలేదు. యూఎస్‌బీ ఇచ్చేదీ 5 వోల్టులే కావడం మన అదృష్టం.

ఇక జాయ్‌స్టిక్ స్క్రూలు విప్పండి. లోపల 4021 అని రాసిన పదహారు కాళ్ల చిప్ కనపడితే పని తేలిక. 16వ కాలు 5 వోల్టులు, 8 గ్రౌండ్, 9 ఆగమనేది, 10 తట్టేది, 3 జవాబిచ్చేది. ఏ కాలి నుంచి ఏ తీగ బయటికి వస్తోందో మల్టీమీటర్ బీప్ పెట్టుకుని చూసుకోండి. తీగల రంగుల్ని మాత్రం నమ్మొద్దు, ఒక్కో తయారీదారుడిది ఒక్కో రంగు.

చాలా నకళ్లలో చిప్ బదులు నల్లటి తారు చుక్క లాంటిది ఉంటుంది. దాని కాళ్లు కనపడవు. అలాంటప్పుడు నేనైతే దానితో కుస్తీ పట్టను. చుక్కకి వెళ్లే రాగి గీతల్ని బ్లేడుతో తెంపేసి, ఎనిమిది బటన్ల నుంచి ఎనిమిది తీగలు, ఉమ్మడి గ్రౌండ్‌కి ఒకటి తెచ్చి బోర్డుకి కలుపుతాను. చిత్రంగా మళ్లీ తొమ్మిదే! నొక్కి పట్టుకుంటే తూటాలు వాటంతటవే కురిపించే టర్బో బటన్లు మాత్రం ఈ పద్ధతిలో పోతాయి. కాంట్రా ఆడేవాళ్లకి అది చిన్న నష్టం కాదని తెలుసు.

విప్పారు కాబట్టి బటన్ల కింది రబ్బరు మెత్తల్ని, బోర్డు మీది నల్ల మచ్చల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడవండి. పాడైందనుకున్న బటన్ చాలాసార్లు దీనితోనే బాగుపడుతుంది.

ఇక డబ్బాతోపాటు వచ్చిన తుపాకీ. దాని మీద ఆశ పెట్టుకోకండి. పాత గాజు టీవీ తెర మీద బొమ్మ వెలిగిన ఆ క్షణాన్నే వెలుగుని పసిగట్టేలా చేశారు దాన్ని. ఇప్పటి పలచటి తెరల మీద బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎంత గురిపెట్టి కాల్చినా బాతు ఎగిరిపోతూనే ఉంటుంది.