"చూద్దాంలే" అన్న మాటకు మనం కడుతున్న జరిమానా



ఈ పోస్ట్ కొంతమందికి కోపం తెప్పిస్తుంది. పర్వాలేదు, చివరిదాకా చదివాకే తిట్టండి.

ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి డీజే, టీషర్టులు, ఫ్లెక్సీ అన్నీ నెల ముందే మాట్లాడుకుంటాం. అదే స్కాలర్‌షిప్ రెన్యువల్ అంటే మాత్రం "ఇంకా టైం ఉంది కదన్నా, చూద్దాంలే" అంటాం. ఆఖరి రోజు సర్వర్ మొరాయిస్తుంది. అప్పుడు ప్రభుత్వాన్ని తిడుతూ స్టేటస్ పెడతాం.

పోయినేడు మా హాస్టల్ తమ్ముడొకడికి ఇదే జరిగింది. ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంది. సరిచేయించుకోడానికి నాలుగు నెలలు టైముంది. పోలేదు. గడువు దాటింది. ఫీజు కట్టేదాకా సర్టిఫికెట్లు ఇవ్వమంది కాలేజీ. చివరికి వాళ్లమ్మ తునికాకు డబ్బులన్నీ అక్కడే పోశారు. కట్టకు యాభై ఆకులు. మే నెల ఎండలో ఎన్ని వేల ఆకులు తెంపితే ఆ ఫీజు అయిందో లెక్కేసుకోండి.

"మనోళ్లింతే, ఆదివాసీ టైం" అని నవ్వేవాళ్లు మనలోనే ఉన్నారు. మాకు మంట పుట్టేది ఈ మాటకే. ఇప్పపువ్వు రాలే రోజుల్లో మన అమ్మలు తెల్లారకముందే బుట్ట పట్టుకుని చెట్టు కింద ఉంటారు. ఆలస్యమైతే పశువులు తినేస్తాయని తెలుసు. తొలకరి పడ్డాక విత్తనం రేపు చల్లుదాంలే అన్న నాన్నను మనం చూశామా? వాయిదా మన రక్తంలో లేదు. హాస్టల్ మంచం మీద, ఫోన్ చేతిలో పట్టుకుని మనం నేర్చుకున్నదే.

ఇంకో నిజం కూడా ఒప్పుకుందాం. అన్నిసార్లూ అది బద్ధకం కాదు, భయం. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. కౌంటర్ దగ్గర అడిగితే కసురుకుంటారని జంకు. ఆ జంకు కనపడకుండా "రేపు పోతాలే" అని కప్పేస్తాం.

ఆఫీసులు మాత్రం సక్రమంగా ఉన్నాయా అంటారు. లేవు. నెలల తరబడి ఫైలు కదలదు, దానిమీద కొట్లాడాల్సిందే. కానీ వాళ్ల ఆలస్యానికి జీతం ఆగదు, మన ఆలస్యానికి మన ఏడాది ఆగుతుంది. చేతిలో రసీదు ఉన్నోడే గట్టిగా అడగగలడు. అప్లయే చేయనోడు ఏమని అడుగుతాడు?

సివిల్స్‌కు ఎస్టీలకు 37 ఏళ్లదాకా వయసుంది, అటెంప్టులకు లెక్క లేదు. ఆ సడలింపు పరిగెత్తడానికి ఇచ్చారు, మనం దానిమీద కూర్చున్నాం. విదేశాల్లో చదువుకోడానికి ఎస్టీలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు దేశం మొత్తానికి ఏడాదికి 20. మనలో ఎంతమందిమి ఆ ఫారం తెరిచి చూశాం? ఏజెన్సీలో టీచర్ పోస్టులు వంద శాతం స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ గోడ కూలాక కూడా "చూద్దాంలే" అంటే ఎలా?

మేం మా హాస్టల్లో ఈ ఏడు ఒక పద్ధతి పెట్టుకున్నాం. జూన్‌లోనే కులం, ఆదాయం సర్టిఫికెట్లకు అప్లై చేయడం. ఆధార్, మెమో, బ్యాంకు పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి పేరు అక్షరం అక్షరం చూసుకోవడం. ఆఫీసుకు ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి పోవడం, కొత్తవాళ్లతో ఒక సీనియర్ ఉండడం. చదువుకైతే రోజూ పుస్తకం తెరిచి పదిహేను నిమిషాలు కూర్చోవడం. కూర్చున్నాక సగం భయం పోతోంది. ఇందులో గొప్పేం లేదు, తెలివి కూడా అక్కర్లేదు.

చదివి లైక్ కొట్టి పోకండి. మీ దగ్గర ఆగిపోయి ఉన్న పని ఒక్కటి కామెంట్‌లో రాయండి, ఎప్పటికి చేస్తారో తేదీ వేయండి. ఆ తేదీన మేమే అడుగుతాం.

జై ఆదివాసీ!