బోలు ఇటుక: చల్లదనం వేరు, బలం వేరు

కోలారు జిల్లాలో మాలూరు పేరు చెప్పగానే పెంకులు, ఇటుకలు స్ఫురిస్తాయి. మట్టిని నమ్ముకొని బ్రతికే కుటుంబాలు ఆ ప్రాంతంలో అనేకం. తెలుగు, కన్నడం రెండూ వినిపించే ఈ సరిహద్దు గ్రామాలలో ఇల్లు కట్టదలచిన వారి ముందుకు ఇప్పుడు బోలు ఇటుక వచ్చి నిలిచింది. తుమకూరు జిల్లా కుణిగల్‌లో ఆస్ట్రియాకు చెందిన వీనర్‌బెర్గర్ సంస్థ కర్మాగారం నెలకొల్పి, బెంగుళూరు భవనాలకు ఈ ఇటుకలను అందించింది. నగరంలో ఆదరణ పొందిన వస్తువు పల్లెకు చేరడం సహజమే. అయితే దానితోపాటు దానిని వాడవలసిన తీరు కూడా చేరుతున్నదా అన్నదే ప్రశ్న.

బోలు ఇటుక గుణాలు కాదనరానివి. రంధ్రాలలో నిలిచిన గాలి ఎండవేడిమిని త్వరగా లోనికి పోనివ్వదు. ఘనమైన ఇటుకతో కట్టిన తొమ్మిది అంగుళాల గోడ కంటే ఎనిమిది అంగుళాల బోలు ఇటుక గోడ గుండా దాదాపు సగం వేడి మాత్రమే ప్రసరిస్తుంది. బరువు కూడా సగం లోపే. మట్టి, బొగ్గు ఆదా అవుతాయి.

చిక్కు రంధ్రాల దిశలో ఉంది. జర్మనీలో ఈ ఇటుకలను రంధ్రాలు నిలువుగా ఉండేటట్లు పేరుస్తారు. మట్టిలో రంపపు పొట్టు కలిపి కాల్చగా, పొట్టు మండిపోయి సూక్ష్మమైన ఖాళీలు మిగులుతాయి. ఆ ఇటుకలతో 36.5 సెంటీమీటర్ల మందాన లేపిన గోడ అంతస్తుల భారం మోస్తుంది, చలినీ ఆపుతుంది. నిలువు రంధ్రాల చుట్టూ ఉన్న మట్టి పలకలు చిన్న స్తంభాల వలె పైభారాన్ని నేరుగా పునాదికి చేర్చడమే అందుకు కారణం.

ఇక్కడి భవనాలలో విరివిగా కనిపించేది అడ్డ రంధ్రాల రకం. దాని పైభారమంతా పలుచని అడ్డు పలకలపై పడుతుంది. అందువల్ల కాంక్రీటు స్తంభాలు, దూలాలు భారం వహించే కట్టడాలలో నడిమి ఖాళీలను పూరించడానికే అది తగినది. పల్లెలలో అల్పాదాయ కుటుంబం కట్టుకొనే ఇంటికి తరచుగా స్తంభాలుండవు. గోడలే కప్పును మోయాలి. చల్లగా ఉంటుందన్న మాటను నమ్మి, అడ్డ రంధ్రాల ఇటుకపై నేరుగా స్లాబు వేయించడం ప్రమాదకరం. విద్యుత్తు గొట్టాల కోసం ఆ గోడను సుత్తితో తొలిస్తే ముప్పు మరింత పెరుగుతుంది.

ప్రభుత్వ విధానం ఈ విషయాన్ని ఎంతవరకు పట్టించుకొన్నది? 2018లో వెలువడిన ఎకో నివాస్ సంహిత, గోడలు కిటికీల గుండా ఇంటిలోకి చేరే వేడికి పరిమితి విధించింది. అది 500 చదరపు మీటర్లు, ఆ పైబడిన స్థలాలలోని నివాసాలను ఉద్దేశించినది. 2022లో సవరించిన ఇంధన పరిరక్షణ చట్టమూ పెద్ద భవనాల పైనే దృష్టి నిలిపింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో కేంద్ర పర్యావరణ శాఖ, ఇటుక బట్టీలు తక్కువ పొగ విడిచే పద్ధతులకు మారాలని ఆదేశించింది. ఇవన్నీ అవసరమైనవే. కానీ ముప్పై అడుగుల స్థలంలో ఇల్లు లేపే కూలీకి ఏ ఇటుక ఎక్కడ వాడాలో చెప్పే యంత్రాంగం వీటిలో లేదు. ఆ నిర్ణయం మేస్త్రీ అనుభవానికే విడిచిపెట్టబడింది.

చేతిలో ఉన్న మార్గం ఒకటుంది. కేరళలో లారీ బేకర్ విస్తృతంగా ప్రచారం చేసిన ఎలుకబోను కట్టులో సాధారణ ఇటుకలనే అంచుపై నిలబెట్టి, నడుమ ఖాళీ విడిచి పేరుస్తారు. సుమారు నాలుగవ వంతు ఇటుకలు మిగులుతాయి. గోడ లోపల గాలి నిలిచి వేడి తగ్గుతుంది. జాగ్రత్తగా కడితే చిన్న ఇంటి భారమూ మోస్తుంది. స్థానిక బట్టీ ఇటుకే చాలు గనుక శ్రామికుల ఉపాధికి నష్టం లేదు. దీనికి కావలసింది కొత్త కర్మాగారం కాదు, మేస్త్రీలకు శిక్షణ.

అమ్మకందారు ప్రతి బోలు ఇటుక మోపుపై ‘భారం మోయునది’, ‘మోయనిది’ అని కన్నడ, తెలుగు భాషలలో ముద్రించాలి. గృహ పథకాల సహాయం విడుదల చేసే అధికారులు గోడ రకాన్ని కూడా పరిశీలించాలి. వేసవిలో చల్లదనం కోరడం న్యాయమే. కానీ కప్పు నిలిచిన తరువాతనే దాని క్రింద చల్లదనానికి అర్థం.