పోచంపాడు గేట్లు, బంగాళాఖాతం లెక్కలు

వానాకాలంలో మెండోర మండలంలో ఎవరిని కదిపినా ఒకటే మాట: శ్రీరాంసాగర్ ఎన్ని అడుగులకొచ్చింది? పోచంపాడు దగ్గర గోదావరిపై ఉన్న ఈ జలాశయం పూర్తి మట్టం 1,091 అడుగులు. అది డ్యామ్ ఎత్తు కాదు, సముద్రమట్టం నుంచి తీసిన కొలత. తీరం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా కాకతీయ కాలువ కింది రైతు సాగు లెక్క సముద్రం దగ్గరే మొదలవుతుంది. అయినా 42 గేట్లలో కొన్ని ఎత్తగానే నీళ్లన్నీ వృథాగా సముద్రం పాలయ్యాయని బాధపడతాం. ఆ బాధలో సగమే నిజం.

భూమి ఉపరితలంలో 71 శాతం సముద్రాలే. సగటు లోతు దాదాపు 3,700 మీటర్లు. మొత్తం నీరు సుమారు 133 కోట్ల ఘన కిలోమీటర్లు; శ్రీరాంసాగర్ నిండితే పట్టే 80 టీఎంసీలు రెండు ఘన కిలోమీటర్ల పైచిలుకే. ఇన్ని నదులు కలిసినా సముద్రం పొంగదేం? ఏటా నాలుగు లక్షల ఘన కిలోమీటర్లకు పైగా ఆవిరైపోతుంది కాబట్టి. అందులో పదోవంతు దాకా నేల మీద వానై కురిసి, తిరిగి నదుల వెంట వెళ్తుంది. ఉప్పు ఆవిరి కాదు. నదులు రాళ్ల నుంచి కరిగించి తెచ్చిందీ, సముద్రగర్భంలోని అగ్నిపర్వతాలు వెలువరించిందీ కోట్ల ఏళ్లుగా అక్కడే పేరుకుంది. కిలో నీటికి సగటున 35 గ్రాములు.

బంగాళాఖాతం తీరు వేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చే మంచినీరు తేలిక గనుక పైన పొరలా పరుచుకుంటుంది. అడుగునున్న చల్లటి ఉప్పునీటిని అది తొందరగా పైకి రానివ్వదు. అందుకే వానాకాలంలోనూ పైభాగం దాదాపు 28 డిగ్రీలకు తగ్గదు. అల్పపీడనాలకు ఆ వేడే బలం. అవి ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దాటి పడమటికి వస్తే మనకూ మహారాష్ట్రకూ ముసురు, గోదావరికి వరద. గంగ, బ్రహ్మపుత్రల ముందు గోదావరి వాటా చిన్నదే. అంతమాత్రాన దాన్ని వృథా ఖాతాలో రాయలేం. పులస ఏటికి ఎదురీదేదీ ఆ వరద కోసమే.

నిజమైన నష్టం గేట్ల లోపలే జరుగుతోంది. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ప్రాజెక్టును 112 టీఎంసీలకు కట్టారు. ఇప్పుడు పట్టే 80 పోగా మిగతాదంతా పూడిక తినేసింది. ఎగువ జాయక్‌వాడి మొదలు గోదావరిపై కట్టిన జలాశయాలన్నీ ఇలా ఒండ్రును పట్టేస్తుంటే డెల్టాకు చేరే మట్టి తగ్గి, అక్కడ తీరం కోతకు గురవుతోంది. ఇక్కడ పంటకు నీళ్లు కరువు, అక్కడ కాళ్ల కింద నేలే కరువు.

నీళ్లు నిల్వ చేయొద్దని ఎవరూ అనరు. ఎల్‌నినో బలంగా ఉన్న 2015లో దేశంలో నైరుతి వానలు 14 శాతం తగ్గాయి. అలాంటి ఏడాది నిల్వే దిక్కు. కానీ వరద కాలువ గుండా నీటిని వెనక్కి శ్రీరాంసాగర్‌లోకి ఎత్తిపోయడానికి ముప్కాల్ దగ్గర పంపుహౌస్ కట్టినంత పట్టుదల పూడిక విషయంలో కనిపించలేదు. కొత్త ఎత్తిపోతలకు నిధులు అడిగే ముందు మన ప్రతినిధులు శ్రీరాంసాగర్ పూడికతీతకు బడ్జెట్ అడగాలి.