రాగిలో చిటికెడు క్రోమియం

మేలిమి బంగారంతో గాజు చేస్తే నాలుగు రోజుల్లో వంగిపోతుందని ప్రొద్దుటూరులో ఏ నగల పనివారిని అడిగినా చెబుతారు. అందుకే అందులో రాగి కలుపుతారు. మరి ఆ రాగికే గట్టిదనం కావలసివస్తే? ప్రొద్దుటూరు పక్కనే ఉన్న మైదుకూరులోగానీ, మరే ఊళ్లోగానీ బీరువాలు చేసే షెడ్డుకు ఇది అక్కరకొచ్చే ప్రశ్న.

రెండు ఇనుప రేకులను కలిపి పెట్టి, పైనా కిందా రాగి మొనలతో గట్టిగా నొక్కి, వేల ఆంపియర్ల కరెంటు పంపుతారు. సెకనులో ఐదోవంతు చాలు. రేకులు తాకేచోట నిరోధం ఎక్కువ కాబట్టి అక్కడ ఇనుము కరిగి అతుక్కుంటుంది. ఇదే స్పాట్ వెల్డింగ్. ఉక్కు కరగాలంటే సుమారు 1,500 డిగ్రీలు కావాలి, రాగి 1,085 దగ్గరే కరుగుతుంది. అయినా మొన నిలుస్తుందంటే, వేడిని లోపల పారే నీళ్లకు ఎప్పటికప్పుడు అప్పజెప్పేస్తుంది కాబట్టే.

చవగ్గా వస్తుందని శుద్ధ రాగి కడ్డీతో మొన చేయిస్తే అసలు చిక్కు మొదలవుతుంది. అది 200 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడి పుట్టగొడుగులా పరుచుకుంటుంది. 6 మిల్లీమీటర్ల మొన 7 అయిందంటే వైశాల్యం 36 శాతం పెరిగినట్టు. అదే కరెంటు పలచబడి, అతుకు లోపల సరిగా కరగదు. పైకి మచ్చ మాత్రం ఇంకా పెద్దగా, అందంగా కనిపిస్తుంది! కొన్నవాళ్లకు తలుపు ఊడేదాకా తెలియదు.

ఒక శాతం అటూఇటూగా క్రోమియం కలిపిన రాగి 450 డిగ్రీలదాకా గట్టిగా ఉంటుంది. కరెంటు మోయడంలో శుద్ధ రాగికి 80 శాతం సరితూగుతుంది. మామూలు రేకుకు అంతకంటే అక్కర్లేదు.

జింకు పూత రేకు సంగతి వేరు. కరిగిన జింకు రాగితో కలిస్తే ఏమవుతుంది? మన చెంబుల ఇత్తడే! ఆ పొర కరెంటును అడ్డుతుంది, మొన తొందరగా అరుగుతుంది. కొంచెం జిర్కోనియం కలిపిన రాగికి ఈ అంటుకోవడం తక్కువ. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు చేస్తున్న కియా లాంటి కర్మాగారాల్లో స్పాట్ వెల్డింగ్ రోబోల పని. కార్ల తయారీలో మొనను మధ్యమధ్య చెక్కి సరిచేసే యంత్రాలూ వాడతారు.

స్టెయిన్‌లెస్ స్టీలుకు ఒత్తిడి ఎక్కువ కావాలి గనుక బెరీలియం, కోబాల్టు కలిపిన మరింత గట్టి రాగి వాడతారు. కరెంటు మోయడంలో అది సగమే, ధరా ఎక్కువే. దాన్ని ఆకురాయితో అరగదీస్తే వచ్చే పొడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. బెరీలియం బదులు నికెల్, సిలికాన్ కలిపిన రాగీ దొరుకుతుంది. షెడ్డులో పిల్లలు తిరుగుతుంటే నా ఓటు దానికే.

రంగు చూసి ఏ రాగో పోల్చడం కష్టం. కొనేటప్పుడు ఏం కలిసిందో బిల్లు మీద రాయించుకోండి. రోజూ పని మొదలుపెట్టే ముందు రెండు తుక్కు రేకులు అతికించి, పట్టకారుతో చీల్చి చూడండి. ఒక రేకుకు చిల్లుపడి, ఆ ముక్క రెండోదానికి గుండీలా అంటుకుని వస్తే అతుకు గట్టిదే. చప్పున రెండూ విడిపోతే మొన సంగతి చూడాల్సిందే.