తప్పు కండరానిదేనా?

నాకు యాభై దాటి అయిదేళ్ళయింది. హాజరుపట్టీ చదవాలంటే ముక్కు మీద కళ్ళద్దాలు ఉండవలసిందే. అవి ఇంట్లో మరచిపోయిన రోజున పట్టీని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని, తల వెనక్కి వంచి పేర్లు పిలుస్తాను. వెనక బెంచీల వాళ్ళు నవ్వుకుంటారని నాకు తెలుసు. ఈ దోషం పేరే చత్వారం. సంస్కృతంలో చత్వారింశత్ అంటే నలభై. ఆ వయస్సు దాటాక వస్తుంది కాబట్టే ఆ పేరు.

కిందటేడు పదవ తరగతిలో కంటి పాఠం చెబుతూ దీనికి కారణం నల్లబల్ల మీద రాశాను. వయస్సు పెరిగేకొద్దీ కంటిలోని సిలియరీ కండరాలు బలహీనపడతాయి, కటకం మెత్తదనం తగ్గుతుంది అని. చాలా పాఠ్యపుస్తకాలలో మీరు చదివే మాటే ఇది. ఒక అమ్మాయి లేచి, "మాస్టారూ, కండరం బలహీనపడితే కసరత్తు చేయించవచ్చు గదా! రోజూ కంటికి కసరత్తు చేస్తే మీకు అద్దాలు అక్కర్లేదా?" అని అడిగింది.

ఆ అమ్మాయి తర్కంలో లోపం లేదు. లోపం నా వాక్యంలో ఉందేమోనని అప్పుడు అనుమానం వచ్చింది. అన్నేళ్ళుగా రెండు కారణాలూ ఒకే వరుసలో రాస్తూ వచ్చాను. వాటిలో అసలు దోషి ఎవరని ఒక్కసారైనా నేను అడగలేదు.

ముందు కన్ను దగ్గరి వస్తువును ఎలా చూస్తుందో గుర్తు చేసుకోండి. నలుగురు పిల్లలు ఒక దుప్పటి నాలుగు చెరగులు పట్టుకుని బిగువుగా లాగి నిలబడ్డారనుకోండి. నలుగురూ ఒక్కొక్క అడుగు లోపలికి వేస్తే దుప్పటి సడలుతుంది. సిలియరీ కండరం కటకం చుట్టూ ఉంగరంలా ఉంటుంది. అది సంకోచిస్తే ఉంగరం చిన్నదవుతుంది, కటకాన్ని పట్టి ఉంచే సన్నని తంతువులు సడలుతాయి. లాగే బలం తగ్గగానే కటకం తన సహజగుణం వల్ల ఉబ్బి గుండ్రనవుతుంది. కండరం బిగిస్తే కటకం పలచబడుతుందని మీలో చాలామంది పరీక్షలో రాస్తారు. అది తారుమారు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1855లోనే ఇలా వివరించాడు.

మరి చత్వారంలో పని మానేసేది కండరమా, కటకమా? చూస్తే తెలిసిపోతుంది గదా అంటారు. చూడడమే కష్టం. కంటి ముందు నుంచి చూస్తే కండరమూ, కటకం అంచూ రెండూ ఐరిస్ అనే రంగు తెర వెనుక దాగి ఉంటాయి. వెలుతురుతో పనిచేసే పరికరాలు ఆ తెరను దాటలేవు.

దాన్ని దాటగలిగింది అయస్కాంత అనునాదం. మన శరీరంలో నీరు ఎక్కువ, నీటిలో హైడ్రోజన్ ఉంది. హైడ్రోజన్ కేంద్రకం ఒక చిన్న అయస్కాంతంలా ప్రవర్తిస్తుంది. ఆసుపత్రులలోని ఎం.ఆర్.ఐ. యంత్రాలలో ఎక్కువగా వాడే అయస్కాంతం బలం 1.5 టెస్లాలు, అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి సుమారు 30,000 రెట్లు. అంత బలమైన క్షేత్రంలో ఈ కేంద్రకాలు సెకనుకు సుమారు 6.4 కోట్ల పౌనఃపున్యంతో ఊగుతాయి. అది మీ ఎఫ్.ఎం. రేడియో పట్టీకి కాస్త దిగువన ఉంటుంది. సరిగ్గా అదే పౌనఃపున్యం గల రేడియో తరంగం తగిలితే అవి శక్తిని గ్రహించి, తిరిగి సంకేతం పంపుతాయి. ఉయ్యాలను దాని ఊపుకు తగినట్లు తోస్తేనే పైకి లేస్తుంది గదా, ఇదీ అంతే. ఆ సంకేతాల నుంచి కంప్యూటరు బొమ్మ కడుతుంది. ఇందులో ఎక్స్‌కిరణాలు లేవు. ఇలా బొమ్మలు తీసే పద్ధతిని రూపొందించినందుకు లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

అమెరికాలో సుసాన్ స్ట్రెంక్ అనే శాస్త్రవేత్త ఈ పద్ధతిని కంటి మీద ప్రయోగించింది. కటకం మందం నాలుగైదు మిల్లీమీటర్లే. కన్ను ఒక్క క్షణం కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. అందుకని కంటి దగ్గరే అమర్చే చిన్న తీగచుట్టను వాడారు. 22 నుంచి 83 ఏళ్ళ వరకు వయస్సున్న 25 మందిని దూరపు గుర్తునూ, దగ్గరి గుర్తునూ చూడమని బొమ్మలు తీశారు. ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. అందరి కళ్ళలోనూ, ముసలివారి కళ్ళలో కూడా, కండరం సంకోచిస్తూనే ఉంది! వయస్సుతో ఆ సంకోచం కొద్దిగా తగ్గినా, ఆగిపోలేదు. కటకం మాత్రం వయస్సుతో మందమవుతూ వచ్చింది. ఉల్లిపాయలో పొర మీద పొర ఉన్నట్లు కటకంలో జీవితాంతం కొత్త పొరలు చేరతాయి. పాతవి బయటికి పోవు.

అంటే నా కంటిలో కండరం ఇప్పటికీ కష్టపడుతూనే ఉంది, కటకమే మాట వినడం లేదు. పాతికమందిని చూసి అంతా తేలిపోయిందని నేను అనను. ఎదుగుతున్న కటకం చుట్టూ ఉన్న భాగాల అమరికను ఎంత మారుస్తుంది అనే చర్చ ఇంకా ఉంది. అయినా కండరాల బలహీనతను మొదటి కారణంగా రాయడం సరికాదని నా అభిప్రాయం. పాఠ్యపుస్తకాలను తిరిగి అచ్చువేసేటప్పుడు ఆ వాక్యం దిద్దాలి.

ఒక్క మాటకు ఇంత రాద్ధాంతమా అనకండి. కంటి కసరత్తులతో అద్దాలు పారెయ్యండి అనే ప్రకటనలు మీరు చూసే ఉంటారు. వాటికి బలం ఇచ్చేది ఈ బలహీన కండరం మాటే. దాన్ని నమ్మి, సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడుతూ కూడా అద్దాలు పెట్టుకోని వాళ్ళను మా వీధిలోనే ఎరుగుదును. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన కూలీలకు దగ్గరి చూపు అద్దాలిచ్చి ఒక పరీక్ష చేశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం, అద్దాలు అందనివారితో పోలిస్తే వారి ఆకు కోత అయిదో వంతుకు మించి పెరిగింది.

పరీక్షలో ఏం రాయాలి మాస్టారూ అంటారా? రెండు కారణాలూ రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. అయితే కటకం గట్టిపడడాన్ని ముందు రాయండి. ఇక ఈ ఆదివారం ఒక స్కేలు తీసుకుని, ఇంట్లో ఒక్కొక్కరికీ అచ్చు అక్షరాలు మసకబారకుండా ఎంత దగ్గరికి కనబడతాయో అద్దాలు లేకుండా కొలవండి. వయస్సు ఒక పక్క, దూరం ఒక పక్క రాయండి. మీ పదేళ్ళ తమ్ముడికి పది సెంటీమీటర్ల దగ్గరైనా కనబడవచ్చు. మీ తాతయ్యకు మాత్రం ఆ స్కేలు చాలదు.