సోర్సు నుంచి కట్టుకుంటే ఉచితమేనా?

మా అమ్మమ్మ కంటి ఆపరేషన్ కోసం హైదరాబాదొచ్చి మా ఇంట్లో పది రోజులుంది. ఆవిడకి దంపుళ్ళ పాటలు, పెళ్ళిపాటలు ఎన్నొచ్చో లెక్కలేదు. అవన్నీ పద్ధతిగా రికార్డు చేద్దామని కూర్చున్నా. కూర్చున్నానంటే నిజంగానే కూర్చున్నా, లాప్‌టాప్ ముందు.

"ఫోన్లో చెయ్యొచ్చుగా" అంది మా ఆవిడ. బీటెక్ చదివి ఆరేళ్ళుగా ఇదే ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, ఫోన్లో చేస్తానా! లినక్సులో ఆర్డర్ అని మంచి రికార్డింగు సాఫ్టువేరుంది (పలకడం మన హోటలు ఆర్డర్‌లాగే). పాల్ డేవిస్ అనే ఆయన మొదలుపెట్టాడు. జీపీఎల్ కాబట్టి కోడు అందరికీ ఉచితం. వాళ్ళ సైటులో కట్టి సిద్ధంగా ఉంచింది పూర్తిగా పనిచెయ్యాలంటే మాత్రం ఎంతో కొంత డబ్బివ్వాలి. డెబియన్, ఉబుంటుల్లో ప్యాకేజీ ఊరికే దొరుకుతుంది గానీ కాస్త పాత వర్షను. మనకి కొత్తది కావాలి, డబ్బు కట్టకూడదు. ఇక మిగిలింది సోర్సు.

వాఫ్ కాన్ఫిగర్ అని కొట్టగానే ఒక లైబ్రరీ లేదంది. అది పెడితే ఇంకోటి. లిబ్‌సండ్‌ఫైల్ ఉంది కదరా బాబూ అంటే, ఉన్నది నడపడానికేనట, కట్టడానికి హెడర్ ఫైళ్ళుండే డెవ్ ప్యాకేజీ వేరే కావాలి. ఈ గొడవ చాలావరకు తప్పించే దారి నాకు మూడో రోజు తెలిసింది. డెబ్-ఎస్ఆర్‌సీ లైన్లు ఆన్ చేసి ఆప్ట్ బిల్డ్-డెప్ ఆర్డర్ అంటే, డిస్ట్రోవాళ్ళు ఆ ప్యాకేజీ కట్టడానికి వాడినవన్నీ ఒకేసారి దిగుతాయి.

తర్వాత ప్లగిన్లు. ఎల్వీ2 ప్లగిన్ అంటే ఒక ఫోల్డరు, అందులో ఎస్ఓ ఫైలు, దాని గురించి చెప్పే మానిఫెస్ట్.టీటీఎల్. నేను ఎస్ఓ ఒక్కటే కాపీ చేసి, ఎందుకు కనపడట్లేదా అని ఓ సాయంత్రం జుట్టు పీక్కున్నా. మొత్తం ఫోల్డరుని హోంలో డాట్-ఎల్వీ2 కింద పెడితే సరిపోయేది, రూటు కూడా అక్కర్లేదు.

అసలు సిగ్గుపడాల్సింది లేటెన్సీ దగ్గర. 48000 హెర్ట్జ్, 256 ఫ్రేములు, 2 పీరియడ్లు అంటే సుమారు 10.7 మిల్లీసెకన్లు. అక్కడికి దింపేసరికి ఎక్స్‌రన్లు, టిక్కు టిక్కుమని చప్పుళ్ళు. ఆడియో గ్రూపు, ఆర్‌టీప్రయో, మెమ్‌లాకు అంటూ ఒక రాత్రంతా పోయింది. ఇంతా చేసి, తక్కువ లేటెన్సీ కావాల్సింది పాడేవాళ్ళు తమ గొంతుని కంప్యూటర్ గుండా వింటూ పాడేటప్పుడు. అమ్మమ్మ హెడ్‌ఫోన్సే పెట్టుకోదు! 1024 ఉంచేస్తే హాయిగా అయిపోయేది.

సోర్సు నుంచి కట్టడం వద్దనను. కోడు మార్చాలన్నా, బగ్గు వెతకాలన్నా అదే దారి. డబ్బు మిగులుతుందని కట్టేవాళ్ళతోనే నా పేచీ, అందులో మొదటివాణ్ణి నేనే. మన గంటకి క్లయింటు దగ్గర ఎంత బిల్లు వేస్తున్నారో మనకి తెలుసు. ఆదివారం పని చెయ్యమంటే మేనేజర్ని తిట్టుకుంటాం. అదే ఇంకొకడు ఏళ్ళ తరబడి రాసిన కోడుకి రెండు బిర్యానీల డబ్బివ్వమంటే మాత్రం మనకి 'స్వేచ్ఛ' గుర్తొస్తుంది.

అంతా కుదిరింది పదో రోజు పొద్దున. అమ్మమ్మ మూడు పాటలు పాడింది. నాలుగోది ఎత్తుకునేలోగా కింద మామయ్య కారు హారన్ కొట్టాడు.

సంక్రాంతికి ఊరెళ్తున్నా. సైటుకి డబ్బు కట్టి, వాళ్ళు కట్టిందే దింపుకున్నా. పది నిమిషాలు పట్టింది.