చార్జింగు స్టేషనులు - ఎడాప్టర్ల బెడద

అమెరికా సంయుక్త రాష్ట్రములలో విద్యుత్ కారు గలవారిలో ననేకులు ఇప్పుడు బండితోపాటు మరియొక వస్తువును గూడ వెంట నుంచుకొని తిరుగవలసినవారైనారు. దాని పేరు ఎడాప్టరు. ఒక కంపెనీ స్తంభమునుండి వచ్చు ప్లగ్గును మరియొక కంపెనీ కారునకు అతికించుటయే దాని పని. దీని వెలను జనరల్ మోటార్సువారు 2024వ సంవత్సరమున 225 డాలర్లుగా నిర్ణయించిరి. చేతిలో పట్టునంతటి వస్తువును గూర్చి సంపాదకీయము వ్రాయవలెనా యని పాఠకులు ఆశ్చర్యపడవచ్చును. కాని ప్రజాధనముతో వెలయు స్టేషను ఎవరికి ఉపయోగపడవలెననునదియే యిందలి ప్రశ్న. ఆ ప్రశ్న మనకును తప్పదు.

ఆ దేశమున నీ చిక్కు ఎట్లు పుట్టెనో తెలిసికొనవలెను. టెస్లా కంపెనీవారు తమ కారులకు తామే యొక ప్లగ్గును కల్పించుకొని, 2012వ సంవత్సరము మొదలు ఆ కారులకు మాత్రమే పనికివచ్చు వేగచార్జింగు స్టేషనులను దేశమంతట నెలకొల్పిరి. తక్కిన కంపెనీలలో పెక్కు సి.సి.ఎస్. అను ప్లగ్గును స్వీకరించినవి. నిస్సాన్ వారి లీఫు కారు జపానులో పుట్టిన చాడెమో ప్లగ్గుతో వచ్చెను. ఇట్లు ఒకే రహదారిమీద మూడు విధముల స్టేషనులు లేచినవి. ఐరోపావారు ఈ యవస్థకు తావీయక, 2014లో శాసనము చేసి, బహిరంగ స్టేషనులలో నేకరూపమైన ప్లగ్గు ఉండవలెనని విధించిరి. అమెరికాలో తన ప్లగ్గును విడువని టెస్లా కంపెనీయే ఐరోపాలో తన మాడల్ 3 కారును సి.సి.ఎస్. తో అమ్మినది! శాసనమున్నచోట ఎంత పెద్ద కంపెనీకైనను వినయము దానంతట వచ్చుచుండును.

2022 నవంబరులో టెస్లావారు తమ ప్లగ్గు నమూనాను లోకమునకు వెల్లడించి, దానికి ఉత్తర అమెరికా ప్రమాణమని తామే నామకరణము చేసిరి. మరుసటి సంవత్సరము మే నెలలో ఫోర్డు కంపెనీ, జూనులో జనరల్ మోటార్సు, వారి వెనుక తక్కినవారు ఆ ప్లగ్గును ఒప్పుకొనిరి. అంతకుముందే అమ్ముడైన లక్షల కారుల గతి యేమి? ఎడాప్టరే గతి. 2024 ఫిబ్రవరి చివర ఫోర్డు కారులకు 15,000కు పైగా టెస్లా స్తంభములు తెరువబడెను. ఉచితముగా నిత్తుమన్న యెడాప్టర్లు మాత్రము సకాలమున రాలేదు. వచ్చినవానిలో కొన్నింటిని వెంటనే వాడుట మానవలెననియు, వానివలన చార్జింగు మందగించుటయో కారు ద్వారము చెడుటయో సంభవింపవచ్చుననియు ఆ కంపెనీయే 2024 అక్టోబరులో హెచ్చరించెను. పేరుపొందిన కంపెనీ స్వయముగా పంపిన వస్తువు గతియే యిట్లుండగా, అంగడిలో చౌకగా దొరకు తునకలను గూర్చి వేరుగ చెప్పనేల?

ఈ వస్తువు పనిచేయు తీరును గ్రహించిననే గాని అపాయము బోధపడదు. టెస్లా ప్లగ్గును సి.సి.ఎస్. ప్లగ్గును ఆకారమున భిన్నములైనను, కారును స్తంభమును మాటలాడుకొను భాష నేడొకటియే. మాట యొకటే, నోరు వేరు. కనుక ఈ రెంటి నడుమ ఎడాప్టరు లోపల లోహపు కడ్డీలకంటె విశేషమేమియు నక్కరలేదు. చాడెమో భాషయే వేరు. దానికి దుబాసీవంటి యంత్రము లోపల నుండవలెను. టెస్లావారి పాత స్తంభములకు క్రొత్త భాష రాదు గనుక, అచ్చట ఎడాప్టరున్నను తక్కిన కంపెనీల కారులకు చుక్క విద్యుత్తు దొరకదు. మూడవ తరము స్తంభములు 500 వోల్టులు దాటవు. 800 వోల్టుల బ్యాటరీ గల హ్యుందయ్, కియా కారులు అచ్చట తమ పూర్తి వేగము నందుకొనజాలవు. ఇంటివద్ద నెమ్మదిగా చార్జి చేయుటకు వాడు చిన్న యెడాప్టరు చూపులకు దీనికి తోబుట్టువువలె నుండును గాని వేగచార్జింగునకు పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది వేడిమి. ఇట్టి స్తంభములలో ప్రవాహము వందలకొలది ఆంపియర్లుండును. ప్రవాహము రెట్టింపయినచో అతుకువద్ద వేడిమి నాలుగింతలగును. ఎడాప్టరు వలన ఒక యతుకునకు మారుగ రెండతుకు లేర్పడును. మధ్యనున్న తునకకు వేడిమిని కనిపెట్టు సాధనము లేకున్నను, తాళము సరిగా పడకున్నను, కరగుటయో కాలుటయో సంభవింపవచ్చును. అందువలననే యూ.ఎల్. అను పరీక్షాసంస్థవారు ఎడాప్టర్ల నిమిత్తమే 2252 సంఖ్యగల ప్రమాణమును ఏర్పరచిరి. అట్టి పరీక్షకు నిలువని వస్తువును ఒక గృహస్థు తెలియక కొని తగిలించినచో చెడునది వాని కారు మాత్రమే కాదు, పదిమందికి ఉపయోగపడు స్తంభము కూడ.

కావున మా యభిప్రాయము స్పష్టము. ఎడాప్టరు ఉండవలసినచో అది ప్రయాణికుని పెట్టెలో గాక స్టేషను స్తంభమునందే యుండవలెను. ఇది అసాధ్యమైన కోరిక గాదు. అమెరికా ప్రభుత్వము 2021 శాసనముచే రహదారి స్టేషనులకు 500 కోట్ల డాలర్లు కేటాయించి, 2023 ఫిబ్రవరిలో ఆ సొమ్ము పొందు స్టేషనున సి.సి.ఎస్. ప్లగ్గు ఉండితీరవలెనని నియమము చేసెను. ఆ సంవత్సరముననే టెస్లావారు కొన్ని స్టేషనులలో స్తంభమునకే తాళముతో బిగించిన యెడాప్టరును అమర్చిరి. వచ్చిన కారు ఏదియో తెలిపినచో ప్లగ్గుతోపాటు అది బయటికి వచ్చును. పని ముగిసినపిమ్మట స్వస్థానమున చేరును. మరచి వచ్చుట, పోగొట్టుకొనుట, నకిలీ సరకు కొనుట యనునవి లేవు. చెడినచో బాగుచేయవలసినవాడు స్టేషను యజమాని.

మన దేశమున సంగతి చూతము. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుచ్ఛాఖవారు ప్రతి బహిరంగ స్టేషనులోను అయిదు విధముల ప్లగ్గు లుండవలెనని నియమించిరి. వానిలో 15 కిలోవాట్ల భారత్ డి.సి. యొకటి. అయిదింటిని పెట్టుటకు ఎవరు ముందుకు వత్తురు? 2019 అక్టోబరులో ఆ నియమమును సడలింపవలసివచ్చెను. అదృష్టవశమున ఇప్పుడు వేగచార్జింగు గల మన కారులలో దాదాపు అన్నియు సి.సి.ఎస్. రెండవ రకమునకు వచ్చి చేరినవి. (అమెరికాలోనిది మొదటి రకము. అచ్చటి మన బిడ్డలు సెలవులకు వచ్చునపుడు ఎడాప్టరు తెత్తుమన్నచో వలదని చెప్పుడు.) కాని స్కూటర్ల విషయమున ఐక్యము కుదురలేదు. ఏథర్ వారి ప్లగ్గును భారతీయ ప్రమాణముల సంస్థ 2023లో ఆమోదించినను, ఓలావారు తమ త్రోవ తాము పట్టిరి. కారులకంటె స్కూటర్లే యెక్కువగా నమ్ముడగు దేశమున ఇది చిన్న విషయము గాదు.

ఏ ప్లగ్గు మేలైనదో బజారే తేల్చునని వాదించువారు కలరు. వారొకసారి బెజవాడ స్టేషనును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మదరాసునుండి పెద్దలైనుమీద వచ్చిన సరకు గుంతకల్లు వైపు మీటరుగేజిమీద పోవలెనన్నచో, ఒక బండినుండి మరియొక బండికి మూటలు మార్పవలసియుండెడిది. పరప్రభుత్వము తన సౌకర్యముకొరకు వేసిన ఆ భిన్నమైన పట్టాలను ఏకము చేయుటకు స్వతంత్ర భారతమున 1992 వరకు పెద్దయత్నము సాగలేదు. అన్నాళ్లును ఆ కూలి భారమును మోసినవారు రైతులు, వర్తకులు. ఎడాప్టరు కూడ అట్టి మూట మార్పిడియే. పాత కారు గలవాని నది కొంతకాలము గట్టెక్కించునని మేము కాదనము. వాడిని త్రోవలో విడిచిపెట్టుమనియు మేము చెప్పుట లేదు.

2024లో ప్రారంభమైన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకమున చార్జింగు స్టేషనులకు 2,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి. ఈ సొమ్ములో కాసు ముట్టు ప్రతి స్టేషనును ప్రమాణమైన ప్లగ్గుతో ఎల్లవారికిని తెరచియుండవలెను. ఎడాప్టరు అవసరమైనచోట పరీక్షింపబడినదానిని స్తంభమునకే బిగించి, దాని మరమ్మతు భారమును యజమాని వహింపవలెను. ప్రమాణముద్ర లేని యెడాప్టర్ల అమ్మకమును నిషేధింపవలెను. టెండరు కాగితములమీద చేవ్రాలు పడకముందే ఈ షరతులు అందు చేరవలెను. పడిన పిమ్మట కంపెనీలవారిని బ్రతిమాలుకొనుటయే మిగులును.